మట్టి పెట్టెల జమీందారు

1958 జూలై 7, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆ నవల మా బడిలోకి వచ్చింది. ఆఫీసు గోడ గడియారం మూడు నిమిషాలు ముందు నడిచేది కాబట్టి పది గంటల పదిహేడు నిమిషాలని రాయడమే సరి. గుంటూరు నుంచి వచ్చిన బస్సు టాపు మీద, ఒక చెక్కల మోపుకీ ఒక కోళ్ళ గంపకీ మధ్య ప్రయాణం చేసి వచ్చిన కట్ట అది. తొమ్మిది కాపీలు అడిగితే ఆరు వచ్చాయి. ఆ ఆరింటిలో ఒకదాని మీద కోళ్ళు తమ అభిప్రాయం అప్పటికే తెలియజేసి ఉన్నాయి.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఇంగ్లీషు చెప్పాను. ఎప్పుడు ఏ స్కేలు ఇచ్చారో, ఎవరి మీద ఎవరు పైకి ఫిర్యాదు రాశారో ఇందులో ఉండదు. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరే అమ్మాయిలు నన్ను అవి అడగరు. క్లాసులో నిజంగా ఏం జరుగుతుందండీ అని అడుగుతారు. దానికి నా దగ్గరున్న సమాధానం ఎక్కువ భాగం ఆ ఒక్క సంవత్సరంలోదే.

మాది గురజాల తాలూకాలో ఒక పెద్ద ఊరి ఆడపిల్లల హైస్కూలు. ఊరి పేరు రాయను. అప్పటి కమిటీ ప్రెసిడెంటు గారి మనవళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఎస్.ఎస్.ఎల్.సి. తరగతిలో తొమ్మిది మంది. ఇంగ్లీషు రెండో పేపరుకి అసలు పాఠ్యపుస్తకం కాక ఒక చిన్న నవల కూడా ఉండేది. దాన్ని నాన్-డీటెయిల్డ్ అనేవాళ్ళం. వ్యాకరణం రాని పిల్లకి కూడా కథ తెలిస్తే అందులో మార్కులు పడతాయి. గట్టెక్కలేని వాళ్ళను గట్టెక్కించేది అదే. ఆ ఏడు వచ్చింది రక్తపిశాచి నవల, పిల్లల కోసం కుదించింది.

నేను కథ చెప్పిన తీరు

నవల సంగతి క్లుప్తంగా ఇది. ఎక్కడో కొండల మధ్య పాత కోటలో ఒక ప్రభువు ఉంటాడు. చచ్చి ఎన్నో ఏళ్ళయినా చావడు. పగలు పెట్టెలో పడుకుంటాడు, పొద్దుగూకాక లేచి మనుషుల రక్తం తాగుతాడు. తన నేల మట్టిలో తప్ప ఆయనకు నిద్ర పట్టదు కాబట్టి ఆ మట్టి యాభై పెట్టెల్లో నింపుకుని ఓడ ఎక్కి పట్నం వస్తాడు. అక్కడ ఒక అమ్మాయిని పట్టుకుంటాడు. ఆమెను పెళ్ళాడాలనుకున్న వాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురూ, ఒక ముసలి డాక్టరూ ఆమెకు తమ రక్తం ఎక్కిస్తారు. అయినా ఆమె చచ్చిపోతుంది. చివరికి అందరూ కలిసి ఆయన్ని వెంటాడి చంపుతారు.

మా హెడ్ మిస్ట్రెస్ సుందరమ్మ గారు పుస్తకాలు నా చేతికిస్తూ ఒకటే మాట చెప్పింది. "కరుణా, కథ తెలుగులో ఒక్కసారి చెప్పు. ఇంగ్లీషులో వందసార్లు చెప్పించు."

నేను దాన్ని తిరగేశాను. ఒక్కో అధ్యాయం తెలుగులో ఒక పూటంతా చెప్పి, ఇంగ్లీషు రెండు సార్లు చదివించి ఊరుకునేదాన్ని. పిల్లలు నోరు తెరుచుకుని వింటుంటే నాకు నేను గొప్ప టీచరుగా కనపడ్డాను. కొత్తవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి. క్లాసు నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన పాఠం ఎక్కుతున్నట్టు కాదు. ఏదో ఎక్కుతూ ఉంటుంది, అంతే.

కోట అంటే చెప్పక్కర్లేకపోయింది. సగం మంది కొండవీడు చూసినవాళ్ళే. మంచు చెప్పడానికి ఒక పీరియడు, ఓడ చెప్పడానికి ఒక పీరియడు పట్టింది. పగలంతా పెట్టెలో పడుకుని పొద్దుగూకాక బయటికొస్తాడని చెబితే భయపడతారనుకున్నాను. ఒక పిల్ల లేచి, "మా మాచర్లలో మే నెలంతా అందరూ అంతేనండీ," అని కూర్చుంది. ప్రభువు అన్న మాటకి నేను జమీందారు అని చెప్పాను. జమీందారీలు రద్దయి అప్పటికి పదేళ్ళు. ఆ మాట పిల్లల తలల్లో ఎంత దూరం నడుస్తుందో నేను ఆలోచించలేదు.

రూతు

ఆ తొమ్మిది మందిలో రూతు అనే పిల్ల ఉండేది. తండ్రి యేసుపాదం నాపరాళ్ళ క్వారీలో పని చేసేవాడు. తల్లి కూలికి పత్తి ఏరేది, మిరపకాయలు కోసేది. యేసుపాదం సంవత్సరం మొదట్లోనే బడికి వచ్చి, ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడి తన షరతు చెప్పి వెళ్ళాడు.

"ఒక్కసారే టీచరమ్మా. పాసయిందా, గుంటూరులో టీచరు ట్రైనింగుకి పంపిస్తా. తప్పిందా, రెండోసారి కట్టించే వోపిక నాకు లేదు. రాయి మోసేదానికి ఇంగ్లీషు ఎందుకు."

ఆయన కఠినుడు కాడు. చెప్పింది చేసేవాడు, అందుకే నాకు భయం వేసింది. రూతుకి లెక్కలు వచ్చు, సాంఘికం వచ్చు. ఇంగ్లీషే రాదు. పాసు కావాలంటే ముప్ఫై అయిదు రావాలి. సెప్టెంబరులో పెట్టిన క్వార్టర్లీలో ఇరవై ఒకటి వచ్చాయి. మిగిలిన పద్నాలుగూ నాన్-డీటెయిల్డ్‌లో రాబట్టాలని ఆమెతో అన్నాను. ఆ మాటను ఆమె మనసుకు పట్టించుకుంది. కథను బాగా గుర్తు పెట్టుకోవాలంటే రోజూ ఎవరికో ఒకరికి చెబుతూ ఉండాలని తనకు తానే నిర్ణయించుకుంది. చెప్పింది ఎవరికయ్యా అంటే, పత్తి చేలో ఆడవాళ్ళకి.

శనివారాలు తల్లితో కలిసి అచ్చమ్మ గారి చేలో పత్తి ఏరేది. అచ్చమ్మ గారు నలభై ఎకరాల రైతు భార్య. చేలోకి తనే వచ్చి గట్టు మీద పీట వేసుకుని కూర్చుని పని చూసుకునే మనిషి. ఊళ్ళో పిల్లలందరికీ పెద్దమ్మ. రూతు కథ మొదలుపెడితే పక్క సాళ్ళ వాళ్ళు ఆమె వంతు పత్తి కూడా ఏరి ఆమె నడుముకి కట్టిన ఒడిలో వేసేవాళ్ళు. రూతు చేతులు కట్టుకుని కథ చెబుతూ నడిచేది. ఇంత మంచి చదువు బడిలో లేదని ఆమెకు అనిపించి ఉండాలి.

చేలో జరిగిన దిద్దుబాటు

చేలో ఆడవాళ్ళు ఊరికే వినేరకం కాదు. కథలో పొసగనిది కనపడితే అక్కడే ఆపి అడిగేవాళ్ళు. రూతు దగ్గర సమాధానం లేకపోతే అచ్చమ్మ గారు గట్టు మీద నుంచి తీర్పు చెప్పేది. తీర్పు చెప్పాక అదే కథ.

మొదటి తీర్పు మట్టి గురించి. జమీందారు పెట్టెల్లో మట్టి ఎందుకు మోస్తాడని ఎవరో అడిగారు. నిద్ర పట్టదని రూతు చెబితే ఎవరూ ఒప్పుకోలేదు. అచ్చమ్మ గారు తేల్చింది: సర్కారు వాడి భూములన్నీ లాక్కుంది, భూమి పోయినవాడు కనీసం మట్టయినా తెచ్చుకోడా. అందరికీ అది సబబుగా తోచింది. ఇద్దరు ముగ్గురు ఆయన మీద జాలి కూడా పడ్డారట.

రెండోది వెల్లుల్లి. పుస్తకంలో ఆయన వెల్లుల్లి వాసనకి పారిపోతాడు. పల్నాట్లో ఆ మాట నిలబడుతుందా? ఇంటింటా వెల్లుల్లి కారం, అందరి నోళ్ళూ అదే వాసన. దానికి జడిసేవాడు ఈ ఊళ్ళో ఒక్క పూట కూడా రక్తం తాగలేడని కొట్టేశారు. దాని స్థానంలో ఎండు మిరపకాయల పొగ పెట్టారు. సిలువ సంగతి వచ్చినప్పుడు మా క్రైస్తవుల ఇళ్ళ వాళ్ళు గట్టిగా పట్టుపట్టారు. మిగతావాళ్ళు వేపమండ అన్నారు. ఎవరింటికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఉన్నదానికే భయపడతాడని అచ్చమ్మ గారు రాజీ చేసింది.

అద్దంలో ఆయన నీడ కనపడదని పుస్తకంలో ఉంది. దాని కోసం మా ఊరి క్షురకుడు లక్ష్మయ్యను కథలోకి తెచ్చారు. గడ్డం గీశాక అలవాటు ప్రకారం అద్దం చూపిస్తే అందులో కుర్చీ మాత్రమే కనపడుతుంది. లక్ష్మయ్య కత్తీ పొదీ వదిలేసి పరుగు. నిజం లక్ష్మయ్యకు ఇది తెలిసి, కోపం తెచ్చుకుంటాడనుకుంటే, డిసెంబరు దాటాక బడికి వచ్చి నన్ను ఒక సందేహం అడిగాడు. అప్పటికి ఒక పక్కే గీశాడా, రెండు పక్కలా గీశాడా? పుస్తకంలో నువ్వే లేవు లక్ష్మయ్యా అని చెబితే, చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. తరవాత అతనే రచ్చబండ దగ్గర ఆ ఘట్టం ఆడి చూపించేవాడని విన్నాను. రెండు పక్కలా గీసేశానని చెప్పుకునేవాడట.

ఇదంతా నాకు డిసెంబరు వరకూ తెలియదు. హాఫ్-యియర్లీ పేపరులో నేను ఒక సులువైన ప్రశ్న ఇచ్చాను. ఆ అమ్మాయి పెళ్ళి ఎందుకు జరగలేదు? జబ్బు చేసి చనిపోయింది కాబట్టి అని ఒక్క వాక్యం రాస్తే చాలు. తొమ్మిది మందిలో ఏడుగురు ఇలా రాశారు: ముగ్గురూ రక్తం ఇచ్చారు కాబట్టి ముగ్గురూ ఆమెకు అన్నదమ్ములయ్యారు, వరస కుదరక పెళ్ళి ఆగిపోయింది. ఒక పిల్ల మటుకు రక్తం ఇచ్చింది నలుగురని, నాలుగో ఆయన ముసలివాడు కాబట్టి తండ్రి వరస అయ్యాడని రాసింది. నలుగురి లెక్క ఆమె ఒక్కతే పుస్తకం చూసి రాసింది కాబట్టి ఒక మార్కు ఇచ్చాను.

రూతు రెండు పేజీలు రాసింది. ఇంగ్లీషు మునుపటి కంటే బాగుంది. అందులో ఒక్క వాక్యం కూడా నవలలోది కాదు.

సర్వేకి వచ్చిన మనిషి

పిలిచి మందలించే లోపలే జనవరి వచ్చింది, జనవరితో పాటు ఒక కుర్ర సర్వే ఉద్యోగి వచ్చాడు. సాగర్ డ్యాము కడుతున్న రోజులు. కాలవలు ఎటు తవ్వాలో చూడటానికి ఊళ్ళ మీద నేల పరీక్షించేవాళ్ళు తిరుగుతుండేవాళ్ళు. మా కమిటీ ప్రెసిడెంటు వెంకటప్పయ్య గారు గుంటూరు చుట్టూ రెండేళ్ళు తిరిగి, మా ఊరికి కూడా సర్వే వేయించుకున్నారు.

ఆ కుర్రవాడు పట్టపగలు, జీపులో ఆరు చెక్కపెట్టెలతో దిగాడు. సన్నగా, ఈ మధ్యనే కామెర్లు తగ్గిన మొహంతో ఉన్నాడు. దిగీ దిగగానే వీధిలో ఉన్న ఆడవాళ్ళని, ఎండ తగలని చీకటి గది ఒకటి దొరుకుతుందా అని అడిగాడు. పెట్టెల్లో ఏముందని వాళ్ళు అడిగారు. మట్టి అన్నాడు.

ఆ మట్టి ఎండితే పరీక్షకి పనికిరాదు, అందుకు చీకటి గది అడిగాడు. వివరించే అవకాశం అతనికి రాలేదు. పది నిమిషాల్లో అచ్చమ్మ గారి ఆధ్వర్యంలో వీధి రెండు చివర్లా నిప్పుల మీద మిరపకాయలు పడ్డాయి. జీపు డ్రైవరు మొదట పారిపోయాడు. తరవాత కుర్రవాడు. తరవాత వీధి వీధంతా, పొగ పెట్టినవాళ్ళతో సహా. గొడవలో ఒక పెట్టె కింద పడి పగిలింది. అందులోని మట్టిని ముట్టుకోకుండా చేటతో ఎత్తి ఊరి బయట పారబోశారు. బడి వరండాలో నాకు కళ్ళు మండి, ఎవరో పెళ్ళికి తాలింపు పెడుతున్నారనుకున్నాను.

మర్నాడు వెంకటప్పయ్య గారు బడికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏందమ్మా ఇది, బడా, దెయ్యాల కొట్టమా?" అని సుందరమ్మ గారిని అడిగారు. "నేను కాళ్ళరిగేట్టు తిరిగి సర్వే తెప్పిస్తే, మీ టీచరు చెప్పిన కథకి వాణ్ణి పొగేసి తరిమారు. ఆ పుస్తకాలు ఇయ్యాలే ఇట్టా పెట్టండి. పొయ్యిలో ఏస్తా."

పరీక్ష రెండు నెలల్లో ఉందనీ, పుస్తకం మేము పెట్టింది కాదు పైవాళ్ళు పెట్టిందనీ, అది తీసేస్తే పిల్లలకు ఆ మార్కులన్నీ పోతాయనీ నేను చెప్పాను. నా గొంతు పెద్దదైంది. నాకు కళ్ళ ముందు రూతు నాన్న కనపడుతున్నాడు.

సుందరమ్మ గారు గొంతు పెంచలేదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నవాటిలో ఇది ముఖ్యమైనది: కోపంగా ఉన్న పెద్దమనిషికి వాదన ఇవ్వకూడదు, పని ఇవ్వాలి. "మీరు కమిటీ పెద్దలు, పుస్తకంలో ఏముందో మీరే విని తేల్చండి," అని ఆయన్ని క్లాసులోకి తీసుకొచ్చి కుర్చీ వేయించింది. ఒక పిల్లను లేపి కథ చెప్పమంది. ఆ పిల్ల రూతు.

రూతు ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి తడబడి, తెలుగులోకి దిగిపోయింది. జమీందారు ఓడ దిగాడు, లక్ష్మయ్యను పిలిపించాడు. వెంకటప్పయ్య గారు మొదట కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు. కాసేపటికి కుర్చీ ముందుకు జరిగింది. రూతు అద్దం సంగతి చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపారు.

"ఆగవే. తలపాగా తియ్యటం వొదిలేశావు. ముందు తలపాగా తీస్తాడు, తరవాత గెడ్డం. మా ఇంట్లో అట్టాగే చెప్తారు."

తన భార్య చెప్పగా ఆయన ఆ కథ నెల రోజుల నుంచి వింటున్నారు. క్లాసులో అందరూ నవ్వారు, సుందరమ్మ గారు తప్ప. ఆయన కూడా చివరికి నవ్వి, పుస్తకాలు పరీక్ష దాకా ఉండనివ్వడానికి ఒప్పుకున్నారు, ఇక నుంచి బడిలో ఆ కథ తెలుగులో ఎవరూ చెప్పకూడదన్న షరతు మీద. పొగ తగ్గాక తిరిగొచ్చిన సర్వే కుర్రవాడికి సుందరమ్మ గారి ఇంట్లో భోజనం పెట్టి, బడి సామాను గదిలో మిగిలిన అయిదు పెట్టెలూ పెట్టించారు. కాలవ ఆ తరవాత మా ఊరికి మూడు మైళ్ళ అవతలగా పోయింది. పగిలిన పెట్టె వల్లేనని వెంకటప్పయ్య గారు చనిపోయే దాకా అన్నారు. నేల ఎత్తు చూసి కాలవ దారి ముందే అనుకున్నారని ఆ కుర్రవాడు నాతో చెప్పాడు. ఆ మాట నేను వెంకటప్పయ్య గారికి చేరవేయలేదు.

నాకు నవ్వు రాలేదు. ప్రెసిడెంటు గారి కోపం పోయినా అసలు చిక్కు అలాగే ఉంది. మా ఊళ్ళో ఆ నవల అందరికీ తెలుసు, పరీక్ష రాయబోయే పిల్లలతో సహా ఎవరికీ తెలియదు.

మరిపించిన ఎనిమిది వారాలు

నేర్పడం కంటే మరిపించడం కష్టం. ట్రైనింగు కాలేజీలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. జనవరి చివరి నుంచి పరీక్ష దాకా ఎనిమిది వారాలు నేను కొత్త పాఠం ఏదీ చెప్పలేదు. సుందరమ్మ గారు మొదట చెప్పిన పద్ధతికి వచ్చాను. తెలుగు మాట లేదు. ఒక్కో పేజీ తీసుకుని, పిల్ల ఒక వాక్యం చెబితే అది ఆ పేజీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే కూర్చోవాలి. మొదటి వారం క్లాసంతా కూర్చునే ఉంది.

మిగతా ఎనిమిది మందీ మెల్లగా దారికొచ్చారు. రూతు రాలేదు. ఆమె ఆ కథను విన్నది కాదు, పెంచింది. సాయంత్రం బడి అయ్యాక ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టేదాన్ని. ఒక రోజు పుస్తకం మూసి నన్ను అడిగింది.

"టీచర్ గారూ, ఒక మాట. మాదే బాగుంది గదా?"

"బాగుంటే బాగుండొచ్చు," అన్నాను. "మార్కులు బాగున్నదానికి వెయ్యరు. ఉన్నదానికి వేస్తారు."

"పేపరు దిద్దే ఆయనకి కూడా నచ్చితే?"

"ఆయన రోజుకి నలభై పేపర్లు దిద్దుతాడే. నీ లక్ష్మయ్య ఎవరని ఆయన ఎవర్ని అడుగుతాడు?"

ఆమె పుస్తకం తెరిచి, లక్ష్మయ్య ఉండవలసిన పేజీలో వేలు పెట్టి, అక్కడ ఉన్నదాన్ని చదివింది.

వారం తిరక్కుండా అచ్చమ్మ గారు మా ఇంటికి వచ్చింది. మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. వాకిట్లోనే నిలబడింది.

"ఏంది టీచరమ్మా, మా పిల్లకి ఏం చేశావు? నోరు కట్టేసినట్టుంది. కథ చెప్పవే అంటే ఏదో ఇంగ్లీషోళ్ళ కథ చెప్తంది. అందులో లచ్చమయ్య లేడు, పొగ లేదు. ఉప్పులేని పప్పులాగుంది. కోతలు కూడా సాగటంలా."

ఇంగ్లీషువాళ్ళ కథే కదండీ అన్నాను. యేసుపాదం పెట్టిన షరతు ఆమెకు చెప్పాను. చేలో పాత కథ వినపడితే పిల్ల మళ్ళీ అదే రాస్తుందని చెప్పాను.

"చానా కష్టమే అయితే," అంది. "సరే. పరీక్ష అయ్యేదాకా నా చేలో ఆ మాట ఎవుత్తీ ఎత్తదు. ఎత్తితే కోతకి రావద్దంటా."

మాట నిలబెట్టుకుంది. పరీక్ష దాకా ఆ చేలో ఆడవాళ్ళు పక్కింటి సంగతులతోనే సరిపెట్టుకున్నారు. ఊళ్ళో ఆ కొన్ని వారాల్లో జరిగినన్ని తగాదాలు అంతకు ముందు జరగలేదని సుందరమ్మ గారు అనేది.

పరీక్ష

పరీక్ష సెంటరు నరసరావుపేట. తొమ్మిది మందినీ నేనే బస్సులో తీసుకెళ్ళి, తెలిసినవాళ్ళ ఇంట్లో దించాను. రెండో పేపరు రోజు గేటు బయట నిలబడ్డాను. రూతు అందరికంటే చివర వచ్చింది. ప్రశ్నపత్రం చూశాను. అమ్మాయికి రక్తం ఎక్కించిన సందర్భం వివరించమని అడిగారు.

"ఏం రాశావే?"

"నలుగురు ఇచ్చారని రాశా. జబ్బు తగ్గక చనిపోయిందని రాశా."

"వరస సంగతి?"

"రాయలేదండీ. కొట్టేశా," అంది. "ముందు ఒక లైను రాసి కొట్టేశా."

బస్సులో వచ్చేటప్పుడు మిగతా పిల్లలు గోల గోలగా నవ్వుతూ ఉంటే ఆమె కిటికీ పక్కన ఊరుకుని కూర్చుంది. అలసిపోయిందనుకున్నాను.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. తొమ్మిది మందిలో ఆరుగురు పాసయ్యారు. రూతుకి ఇంగ్లీషులో ముప్ఫై ఎనిమిది. ముప్ఫై అయిదుకి పైన ఆ మూడు మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు. యేసుపాదం క్వారీ నుంచి నేరుగా, రాతి దుమ్ము మొహంతోనే వచ్చి, ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడి, "గుంటూరు బస్సు ఎన్నింటికి టీచరమ్మా?" అని అడిగాడు. నా ముప్ఫై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పుల్లో అంతకంటే పెద్దది లేదు.

పరిశోధన చేసే కుర్రవాడు

1967లో విశ్వవిద్యాలయం నుంచి ఒక కుర్ర లెక్చరరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రక్తపిశాచి నవల మన జనంలోకి ఎలా పాకిందో పరిశోధన చేస్తున్నాడు. బస్టాండుల్లో అమ్మే డిటెక్టివు నవలల అట్టలు, టూరింగ్ టాకీసుల వాల్‌పోస్టర్లు సంచి నిండా తెచ్చాడు. అన్నింటిలోనూ రక్తపిశాచి నల్ల కోటు వేసుకుని, కోరలు బయటపెట్టి, ఇంగ్లీషు దొరలాగే ఉన్నాడు. చూసి గీసినవే తప్ప ఎవరూ ఆయన్ని తమ ఊరివాణ్ణి చేసుకోలేదని అతను విచారంగా అన్నాడు. పల్నాట్లో ఎక్కడో ఆయన పంచె కట్టాడని, మిరపకాయల పొగకి పారిపోయాడని గుంటూరులో ఒకరు చెప్పారట. అది నిజమేనా అని అడిగాడు.

నిజమేనని చెప్పి, నాకు తెలిసిన ముక్కలు చెప్పాను. అతను తృప్తి పడలేదు. కథ చేలో ఎలా నడిచిందో, వాళ్ళ మాటల్లో కావాలన్నాడు. నేను విన్నది పరీక్ష పేపర్లలో, అదీ దిద్దుతూ. అచ్చమ్మ గారు అప్పటికి మూడేళ్ళ కిందటే చనిపోయింది. లక్ష్మయ్య కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళాడు. రూతు సత్తెనపల్లిలో టీచరు. కబురు చేస్తే ఆదివారం వచ్చింది.

లెక్చరరు కాగితం, కలం సిద్ధం చేసుకున్నాడు. రూతు మొదలుపెట్టింది. కోట, అక్కడికి వెళ్ళిన కుర్ర ప్లీడరు, ఓడ, వెల్లుల్లి, సిలువ, నలుగురి రక్తం. మంచి ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా, పుస్తకంలో ఉన్న వరసలో చెప్పింది. అతను మర్యాదగా విని, అది కాదండీ, మీ ఊరి కథ అన్నాడు. ఆమె తెలుగులో మొదలుపెట్టి, రెండు మాటల దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ పుస్తకంలోకే వెళ్ళిపోయింది.

"రావటం లేదు టీచర్ గారూ," అని నా వైపు తిరిగింది. "తలపాగా తీసేదాకా వస్తంది. ఆ తరవాత వేలు ఎక్కడ పెట్టాలో తెలియటం లేదు."

ఆ జమీందారు చివరికి ఎలా చచ్చాడు, అది ఒక్కటయినా చెప్పమన్నాడు లెక్చరరు. పొగతోనా?

"పొగతో కాదు," అంది రూతు. "అక్కడిదాకా రాలేదండీ మేము. పుస్తకంలోలాగా కత్తితో పొడవటం అచ్చమ్మ పెద్దమ్మకి ఇష్టం లేదు. భూమి పోయినోణ్ణి పొడిచేదేందే అన్నది. వాడికి ఏం చెయ్యాలో నేను అనుకున్నాలే, నీ పరీక్ష కానీ, అప్పుడు చెప్తా అన్నది." కొంగు సర్దుకుంది. "పరీక్ష అయ్యాక కోతలు అయిపోయాయి. తరవాత నేను గుంటూరు పోయా. మళ్ళీ అడగలేదు."

లెక్చరరు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తారని వెళ్ళేటప్పుడు నన్ను అడిగాడు. అదే చేస్తానన్నాను. ముందు పిల్ల పాసు కావాలి. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి కూడా అదే చెబుతాను. కాకపోతే ఖర్చు ఎంతయిందో తెలిసి చెయ్యాలి. నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

పోయినవి: ఆరు కాపీల్లో రెండు. పరీక్ష తప్పిన ముగ్గురు పిల్లల చదువు. ఒక పెట్టె మట్టి. గడ్డం గీసిన ఘట్టం, తలపాగా తీసినంత వరకు తప్ప. కథలో జమీందారు పెట్టెలు బండి మీద వచ్చేటప్పుడు చేలో ఆడవాళ్ళు కట్టుకున్న పాట, మొత్తం. ముసలి డాక్టరు ఆ అమ్మాయికి తండ్రి వరస అయ్యాక ఆయన ఆమెకు సంబంధం చూశాడో లేదో. జమీందారుకి అచ్చమ్మ గారు అనుకున్న ముగింపు.